రాని డెలివరీ, పోయిన కూలి: పరిహార ప్రశ్నపై ఒక సమీక్ష

ఇంటికి తెచ్చి ఇస్తామన్న వస్తువు చెప్పిన రోజున రాకపోతే దాని వెల వాపసు గురించి, పాడైన సరుకు మార్పిడి గురించి మాట్లాడేందుకు మన చట్టాల్లో చాలినన్ని నిబంధనలు ఉన్నాయి. ఆ వస్తువు కోసం పని మానుకుని ఇంటిపట్టున కూర్చున్న మనిషి పోగొట్టుకున్న ఆ రోజు కూలిని ఎవరు భరించాలన్న దానికి మాత్రం సూటి సమాధానం దొరకడం కష్టం. ఒప్పందాల చట్టం, వినియోగదారుల రక్షణ చట్టం, తపాలా చట్టం, రవాణా చట్టం, ఆహార భద్రత చట్టం ఒక్కొక్కటీ ఈ ప్రశ్నను కొంత దూరం తీసుకువెళ్లి వదిలేస్తాయి. అవి ఎక్కడిదాకా వస్తాయో, ఎక్కడ ఆగిపోతాయో, ఆ తరువాత మిగిలే భాగాన్ని పూరించడానికి ఇతర దేశాలు ఏ పద్ధతులు ఎంచుకున్నాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పరిశీలనకు కొయ్యూరు మండలాన్ని ఆధారంగా తీసుకోవడానికి తగిన కారణం ఉంది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో, పాడేరు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ పరిధిలో ఉన్న ఈ మండలానికి సరుకు ఎక్కువగా నర్సీపట్నం వైపు నుంచే ఎక్కి వస్తుంది. మండల కేంద్రంలోనూ, రాజేంద్రపాలెం వంటి రోడ్డు పక్క ఊళ్లలోనూ ఇంటి గుమ్మం దాకా డెలివరీ అన్న మాటకు కొంత అర్థం ఉన్నా, బూదరాళ్ల, యు.చీడిపాలెం వంటి పంచాయతీల్లో కొండల మీద విడివిడిగా ఉన్న గూడేలకు వచ్చేసరికి ఆ మాట వాహనం ఆగిన చోటనే ముగిసిపోతుంది. అక్కడినుంచి ఇంటిదాకా నడక, మోత కొన్నవారివే. పట్టణంలో ఉద్యోగి ఇంట్లో కూర్చుని ఎదురుచూస్తే, ఇక్కడి రైతు రోడ్డు మీదికి దిగివచ్చి ఎదురుచూస్తాడు. బండి రాకపోతే ఒకరికి సెలవు పోతుంది, మరొకరికి కూలో, చేలో పనో, సంతో పోతుంది. చట్టం ఈ ఇద్దరినీ ఒకే కొలతతో చూస్తున్నదా అన్నది పరీక్షించడానికి ఇంతకంటే తగిన చోటు అరుదు.

మొదట పరిహారానికి మూలమైన సూత్రాన్ని చూడాలి. 1872 నాటి భారత ఒప్పందాల చట్టంలోని 73వ సెక్షన్ ప్రకారం ఒప్పందం తప్పినవాడు రెండు రకాల నష్టాలకు బాధ్యుడు: ఆ తప్పు వల్ల మామూలుగా ఎవరికైనా కలిగే నష్టం ఒకటి, ఒప్పందం కుదిరినప్పుడే ఇరుపక్షాలకూ తెలిసిన ప్రత్యేక నష్టం మరొకటి. దూరపు నష్టాలకు, అంటే తప్పుకు నేరుగా సంబంధించని పర్యవసానాలకు, పరిహారం లేదు. ఈ విభజన 1854లో ఇంగ్లండులో హాడ్లీ, బాక్సెండేల్ వ్యాజ్యంలో స్థిరపడినదే. అక్కడ వివాదం ఒక పిండిమర తాలూకు విరిగిన ఇరుసును రవాణా సంస్థ ఆలస్యంగా చేర్చడం గురించి. మన చట్టం అదే పోలికలో ఒక ఉదాహరణను సెక్షన్ కిందనే చేర్చింది: మర ఆగిపోయి ఉందని ముందే చెప్పి యంత్రాన్ని రవాణాదారుకు అప్పగిస్తే, అతడు అకారణంగా ఆలస్యం చేసిన రోజులకు మర సగటున తెచ్చిపెట్టే లాభాన్ని చెల్లించాలి, ఆ ఆలస్యం వల్ల చేజారిన ప్రభుత్వ కాంట్రాక్టు లాభాన్ని మాత్రం చెల్లించనక్కరలేదు.

ఈ ఉదాహరణను పని దినానికి అన్వయిస్తే కీలకమంతా ‘ముందే తెలియడం’లో ఉందని స్పష్టమవుతుంది. కొన్నవాడు కూలి మానుకుని ఎదురుచూస్తాడని అమ్మినవాడికి తెలియదని వాదించడం ఒకప్పుడు సులువు. నేటి డెలివరీ పద్ధతిలో ఆ వాదన నిలవడం కష్టం, ఎందుకంటే సరుకు ఫలానా రోజున వస్తుందని, ఆ సమయానికి ఇంట్లో ఎవరైనా ఉండాలని, ఫోనుకు వచ్చిన ఓటీపీ చెబితేనే పొట్లం ఇస్తామని సంస్థే సందేశం పంపుతుంది. ఒక మనిషి సమయాన్ని తన పని జరగడానికి షరతుగా పెట్టినవాడు ఆ సమయానికి విలువ ఉందని తెలియదనలేడు. అయినా ఈ దారిలో వచ్చిన వ్యాజ్యాలు తక్కువ. మూడు నాలుగు వందల రూపాయల కూలి కోసం సివిల్ కోర్టు మెట్లెక్కేవారు ఉండకపోవడమే దానికి కారణం. అదే సెక్షన్ చివరి వివరణ మరో చిక్కు తెస్తుంది: నష్టాన్ని తగ్గించుకునే వీలు ఎంత ఉండిందో కూడా లెక్కలోకి తీసుకోవాలి. పొరుగింటికి అప్పగించమని చెప్పే వీలున్నప్పుడు రోజంతా కూర్చోవడం అవసరమా అని ప్రతివాది అడగవచ్చు. విసిరేసినట్టుండే గూడెంలో, ఫోను సిగ్నలు అందని చోట, ఆ ప్రశ్నకు జవాబు పట్టణంలోలా ఉండదు.

తరువాతి అడ్డంకి రవాణా సంస్థలు రసీదు వెనుక అచ్చువేసే షరతులు. 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన భారతీ నిట్టింగ్ కంపెనీ వ్యాజ్యంలో తిరుప్పూరు వస్త్ర వ్యాపారి జర్మనీకి పంపిన పత్రాలు సమయానికి చేరలేదు. రాష్ట్ర కమిషన్ నాలుగు లక్షల పైచిలుకు రూపాయలు ఇప్పించినా, సంతకం పెట్టిన పత్రంలో బాధ్యత 100 డాలర్లకు పరిమితమని రాసి ఉన్నందువల్ల అంతకు మించి ఇవ్వడానికి వీల్లేదని జాతీయ కమిషన్ తేల్చింది, సుప్రీంకోర్టు దాన్నే ఖాయపరచింది. లక్షల నష్టానికే వంద డాలర్ల హద్దు నిలబడితే కూలి నష్టం గతి ఊహించుకోవచ్చు. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం కూడా, ఇరుపక్షాలూ ముందుగా ఒప్పుకున్న గడువు లోపలి ఆలస్యానికి రవాణాదారు బాధ్యతను కిరాయి మొత్తానికే పరిమితం చేసింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ‘అన్యాయపు ఒప్పందం’ అనే కొత్త భావనను తెచ్చి, ఏకపక్షంగా వినియోగదారుకు హాని చేసే షరతులను రాష్ట్ర, జాతీయ కమిషన్లలో సవాలు చేసే వీలు కల్పించింది గాని, జిల్లా కమిషన్‌కు ఆ అధికారం ఇవ్వలేదు. చిన్న మొత్తాల వివాదాలకు ఈ తలుపు ఆ మేరకు దూరమైంది.

తపాలా శాఖ విషయంలో రక్షణ ఇంకా గట్టిది. 1898 నాటి తపాలా చట్టంలోని 6వ సెక్షన్, ఉత్తరం పోయినా, వేరొకరికి చేరినా, ఆలస్యమైనా ప్రభుత్వం బాధ్యత వహించదని చెప్పి, మోసంతోనో ఉద్దేశపూర్వకంగానో తప్పు చేసిన ఉద్యోగిని మాత్రమే మినహాయించింది. 2024 జూన్ 18న అమలులోకి వచ్చిన 2023 తపాలా చట్టం కూడా, నిబంధనల్లో నిర్దేశించిన బాధ్యత తప్ప మరేదీ శాఖకు లేదనే అంటుంది. స్పీడ్ పోస్టు ఆలస్యమైతే కట్టిన రుసుము తిరిగి ఇవ్వడం, పొట్లం పోతే రుసుముకు రెట్టింపు లేదా 1,000 రూపాయలు, వీటిలో ఏది తక్కువైతే అది ఇవ్వడం ఆ శాఖ పాటించిన పద్ధతి. ఈ లెక్కలో మరో విశేషం ఉంది: రుసుము కట్టినవాడు పంపినవాడు కాబట్టి వాపసు కూడా అతడికే చేరుతుంది, కొండ మీద ఉద్యోగ పిలుపు ఉత్తరం కోసం ఎదురుచూసినవాడికి కాదు.

సాధారణ పౌరుడికి అందుబాటులో ఉన్న అసలైన వేదిక వినియోగదారుల కమిషనే. 1986 చట్టం స్థానంలో 2020 జూలై 20న అమలులోకి వచ్చిన 2019 చట్టం, చేస్తామన్న సేవలో నాణ్యత లోపాన్నీ, చేసే తీరులో కొరతనూ కలిపి ‘సేవాలోపం’గా నిర్వచించింది. ఫిర్యాదుదారు తాను నివసించే చోట లేదా పనిచేసే చోట ఉన్న జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. చెల్లించిన వెల 5 లక్షల రూపాయల లోపు ఉంటే రుసుము లేదు. న్యాయవాది తప్పనిసరి కాదు. వీడియో ద్వారా విచారణ కోరవచ్చు. కారణం ఏర్పడిన రెండేళ్లలోగా ఫిర్యాదు చేయాలి. బతుకుతెరువు కోసం సొంతంగా వాడుకునే వస్తువు కొన్నవారు కూడా వినియోగదారులే కాబట్టి, జీడిమామిడి తోటకు మందు కొట్టే యంత్రం తెప్పించుకున్న గిరిజన రైతుకు ఈ చట్టం వర్తిస్తుంది. 2020 జూలైలో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనలు, ఫిర్యాదును 48 గంటల్లో అందుకున్నట్టు తెలిపి నెల రోజుల్లో పరిష్కరించాలని ఆన్‌లైన్ సంస్థలను ఆదేశించాయి. చెప్పిన గడువు దాటి వచ్చిన సరుకును, అనివార్య కారణాలు లేనప్పుడు, వెనక్కు తీసుకోనని అమ్మకందారు అనకూడదన్నాయి. ఎదురుచూసిన రోజు ఊసు మాత్రం వాటిలో లేదు.

ఆ ఊసును తెచ్చింది న్యాయస్థానాల తీర్పులు. 1993లో లక్నో అభివృద్ధి సంస్థ కేసులో సుప్రీంకోర్టు, పరిహారం అంటే వస్తువు వెల ఒక్కటే కాదనీ, పౌరుడు పడిన వేధింపు, మనోవేదన కూడా అందులోకి వస్తాయనీ చెప్పి, ప్రభుత్వ సంస్థ కట్టిన పరిహారాన్ని తప్పు చేసిన అధికారి నుంచి రాబట్టే దారి చూపింది. 2004లో గాజియాబాద్ అభివృద్ధి సంస్థ కేసులో అదే కోర్టు, అందరికీ ఒకే రేటు వడ్డీ అంటగట్టకుండా నష్టాన్ని నిరూపించి దానికి తగ్గట్టు ఇవ్వాలని హద్దు గీసింది. పోయిన సమయానికి దగ్గరి ఉదాహరణ 2021 సెప్టెంబరు 6 నాటి వాయవ్య రైల్వే కేసు: జమ్మూకు రైలు నాలుగు గంటలు ఆలస్యంగా చేరడంతో విమానం తప్పిపోయిన కుటుంబానికి టాక్సీ ఖర్చుగా 15,000, బుకింగ్ ఖర్చుగా 10,000, మనోవేదనకూ వ్యాజ్యానికీ 5,000 రూపాయల చొప్పున ఇవ్వాలన్న ఉత్తర్వును కోర్టు సమర్థించి, ఆలస్యానికి కారణం చూపే బరువు రైల్వేదే అన్నది. ప్రయాణికుల సమయం విలువైనదని కోర్టు గుర్తించిన మాట నిజమే. అయినా అక్కడ లెక్కకట్టింది రసీదులున్న ఖర్చును. పోయిన గంటలు మనోవేదన పద్దులో కలిసిపోయాయి. డెలివరీ వివాదాల్లోనూ పోయిన కూలి తరచూ ఆ పద్దులోకే చేరుతుంది, ఆ పద్దు ఎంతన్నది కమిషన్ విచక్షణ.

ఇక్కడే అసలు ఇబ్బంది మొదలవుతుంది. నెల జీతగాడు సెలవు మంజూరు పత్రం, జీతం చీటీ చూపి ఒక రోజు విలువ ఇంత అనగలడు. అతడిది జీతం కోత లేని సెలవైతే రూపాయి నష్టం లేదని ప్రతివాది అనవచ్చు గాని, ఏడాదికి లెక్కపెట్టి ఇచ్చే సెలవుల్లో ఒకటి తరిగిపోవడం నష్టం కాదనడం న్యాయంగా లేదు. కూలి మనిషి చేతిలో ఏ చీటీ ఉండదు. మస్టరు రోలులో హాజరు లేని రోజు పనికి రాలేదన్నదానికి సాక్ష్యమే గాని, ఎందుకు రాలేదన్నదానికి సాక్ష్యం కాదు. సొంత చేను చేసుకునేవారి సంగతి ఇంకా క్లిష్టం: ఏడాదిలో రోజులన్నీ ఒకే వెల చేయవు. జీడిపిక్కలు రాలే వేసవిలో ఒక రోజు పోతే పిక్క తడిసో దొంగలపాలయ్యో పోతుంది. వారపు సంత రోజు పోతే అమ్మకమూ కొనుగోలూ రెండూ వారం వెనక్కు పోతాయి. పని లేని రోజు పోతే నిజంగానే పెద్దగా ఏమీ పోదు. నిరూపించిన నష్టమే ఇస్తామనే కొలత చూడటానికి నిష్పక్షపాతంగా కనిపించినా, కాగితం ఉన్నవాడి వైపే మొగ్గుతుంది.

కాగితం లేని శ్రమకు విలువ కట్టలేమని న్యాయస్థానాలు చేతులెత్తేయలేదన్నది గమనించాలి. 1989 నాటి జంషెడ్‌పూర్ అగ్నిప్రమాదానికి సంబంధించిన లతా వాధ్వా కేసులో 2001లో సుప్రీంకోర్టు, 34 నుంచి 59 ఏళ్ల గృహిణుల సేవల విలువను నెలకు 3,000 రూపాయలుగా అంచనా కట్టింది. 2021 జనవరిలో మరో ప్రమాద పరిహార కేసులో గృహిణుల ఊహాత్మక ఆదాయాన్ని, అంటే జీతం లేకున్నా పనిని బట్టి కట్టే ఆదాయపు అంచనాను, గట్టిగా సమర్థించింది. ఆ తర్కాన్ని ఒక రోజుకు కుదించడానికి అడ్డేమీ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పనికి 2025-26 సంవత్సరానికి ప్రకటించిన రోజు కూలి 307 రూపాయలు. ఏ ఆధారమూ లేని చోట కనీసం ఆ మొత్తాన్ని ప్రమాణంగా తీసుకోవడం, రాజ్యమే తన పనికి కట్టిన వెలను అంగీకరించడం తప్ప మరేమీ కాదు.

అయితే రాజ్యం తాను ఆలస్యం చేసినప్పుడు ఏ లెక్క వేసుకుంటుందో కూడా చూడాలి. 2005 నాటి ఉపాధి హామీ చట్టం కింద కూలి డబ్బు 15 రోజుల్లో అందకపోతే 16వ రోజు దాటాక బకాయి మీద రోజుకు 0.05 శాతం పరిహారం నిర్దేశించారు. ఆరు రోజుల పనికి 1,800 రూపాయలు రావలసిన కూలీకి ఈ లెక్కన రోజుకు 90 పైసలు ముడుతుంది. బ్యాంకుకో తపాలా కార్యాలయానికో డబ్బు పడిందా అని కొండ దిగి వచ్చి ఉత్త చేతులతో తిరిగి వెళ్లిన రోజుకు ఆ 90 పైసల్లో చోటు లేదు. ఈ ప్రాంతంలో పోయిన పని దినం గురించిన తగాదా కొత్తదేమీ కాదు: నర్సీపట్నం–చింతపల్లి అటవీ మార్గం నిర్మాణంలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనుల చేత చాలీచాలని కూలికి పని చేయించడం, 1922 ఆగస్టులో మొదలై 1924 మే 7న కొయ్యూరులో సీతారామరాజు మరణం దాకా సాగిన మన్యం తిరుగుబాటుకు కారణాల్లో ఒకటిగా చరిత్రకారులు లెక్కిస్తారు. ఆ అన్యాయాన్ని రాని పొట్లంతో పోల్చడం అతి అవుతుంది గాని, కొండ మనిషి రోజుకు వెల లేదన్న ఊహ ఎంత పాతదో దానివల్ల తెలుస్తుంది.

ప్రభుత్వం ఉచితంగా ఇంటికి చేర్చే సరుకుల విషయంలో వినియోగదారుల చట్టం పూర్తిగా పక్కకు తప్పుకుంటుంది, ఎందుకంటే ఉచిత సేవను అది ‘సేవ’ నిర్వచనం నుంచే తీసివేసింది. కొయ్యూరు వంటి చోట్ల ఇంటికి వచ్చేవాటిలో ఎక్కువ భాగం ఇవే కావడం ఈ మినహాయింపును చిన్నది కాకుండా చేస్తుంది. 2021 జనవరి 21న అప్పటి రాష్ట్ర ప్రభుత్వం 9,260 వాహనాలతో ప్రారంభించిన ఇంటింటి రేషన్ పంపిణీలో, బండి వీధికి వచ్చే వేళ కూలి పనికి వెళ్లినవారికి తెలియకపోవడం, వచ్చినప్పుడు ఇంట్లో లేకపోతే సరుకు తప్పిపోవడం ప్రధాన విమర్శలయ్యాయి; ఏజెన్సీలో బండి వెళ్లలేని దారులుండటం దానికి తోడైంది. 2025 జూన్ 1 నుంచి ఆ వాహనాలను రద్దుచేసి, నెలలో 1 నుంచి 15వ తేదీ దాకా ఉదయం, సాయంత్రం చౌకధరల దుకాణాలను తెరిచి ఉంచే పద్ధతిని మళ్లీ తెచ్చారు. 65 ఏళ్లు దాటినవారికీ, దివ్యాంగులకూ మాత్రం ఇంటివద్ద పంపిణీ కొనసాగించారు. గుమ్మం దాకా వచ్చే అనిశ్చిత సేవ కంటే నడిచి వెళ్లే నిశ్చిత సేవ కూలి మనిషికి కొన్నిసార్లు చవక పడుతుందన్నది ఈ మార్పులోని తర్కం. పదిహేను రోజులు తెరిచి ఉండే కొట్టుకు పని లేని రోజు చూసుకుని వెళ్లవచ్చు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ తన డీఆర్ (రోజువారీ అవసరాల) డిపోల ద్వారా ఏజెన్సీలో అనుసరిస్తూ వచ్చిన పద్ధతి కూడా ఇదే, డిపో దూరమే దానికున్న లోపం.

రేషన్ అసలే అందకపోతే 2013 ఆహార భద్రత చట్టంలోని 8వ సెక్షన్ కింద భత్యం రావాలి: ఇవ్వని ధాన్యానికి కనీస మద్దతు ధరకు ఒకటింబావు రెట్లలో నుంచి చట్టం నిర్దేశించిన ధరను తీసివేసి లెక్కకట్టే మొత్తం అది. ఇందులోనూ గింజకే వెల, తిరిగిన కాలికి లేదు. పింఛను విషయంలో రాష్ట్రం మరో దారి పట్టింది. ఒకటి రెండు నెలలు తీసుకోలేకపోతే మూడో నెలలో కలిపి ఇచ్చే వీలు 2024 చివర్లో వచ్చింది. పోయిన రోజుకు పరిహారం ఇవ్వకుండా, ఆ రోజు పోవలసిన అవసరాన్నే తగ్గించే ఈ ఏర్పాటు పరిహారం కంటే మేలైనది.

ఇతర దేశాల్లో ఈ ప్రశ్నకు అతి సూటి సమాధానం కాలిఫోర్నియా సివిల్ కోడ్‌లోని 1722వ సెక్షన్‌లో ఉంది. 25 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న దుకాణం, కొన్నవారు ఇంట్లో ఉండవలసిన డెలివరీకి నాలుగు గంటల వ్యవధిని ముందుగా చెప్పాలి. ఆ వ్యవధిలో రాకపోతే పోయిన జీతం, అయిన ఖర్చు, ఇతర వాస్తవ నష్టం కలిపి 600 డాలర్ల దాకా చిన్న మొత్తాల కోర్టులో రాబట్టవచ్చు. కేబుల్, విద్యుత్తు, గ్యాసు వంటి సంస్థలకూ ఇలాంటి బాధ్యతే ఉంది. తమ చేతిలో లేని అవాంతరం వల్ల రాలేకపోతే సంస్థకు మినహాయింపు. కొన్నవారే ఇంట్లో లేకపోతే వారికి హక్కు లేదు. శాన్‌హోసే, ఫ్రీమాంట్ ప్రాంతాల్లో స్థిరపడిన వేలాది తెలుగు కుటుంబాలకు సోఫా రాని రోజు జీతం అడిగే హక్కు ఇలా చట్టంలోనే రాసిపెట్టి ఉంది. వారి సొంతూళ్లలో ఉన్న తల్లిదండ్రులకు ఆ హక్కు లేదు. బ్రిటన్ మరో మార్గం ఎంచుకుంది: టెలికాం నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ 2019 ఏప్రిల్ 1న ప్రారంభించిన పథకంలో, చేరిన కంపెనీ తాలూకు మెకానిక్ చెప్పిన వేళకు రాకపోతే అడగకుండానే నిర్ణీత మొత్తాన్ని, ప్రారంభంలో 25 పౌండ్లను, బిల్లులో తగ్గించాలి, ఎవరి జీతమెంతన్న ప్రశ్న లేదు. మన దేశంలో 2020 డిసెంబరు నాటి విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు కొన్ని సేవల్లో ఇలాంటి దానంతట అది అందే పరిహారాన్ని ప్రవేశపెట్టాయి గనుక, ఆ ఆలోచన మనకు పరాయిది కాదు.

కాలిఫోర్నియా, బ్రిటన్ పద్ధతుల్లో కొయ్యూరుకు సరిపడేది రెండోదే. వాస్తవ నష్టం నిరూపించమనే కాలిఫోర్నియా పద్ధతి జీతం చీటీ ఉన్న సమాజం కోసం పుట్టింది. 307 రూపాయల కోసం ఫిర్యాదు రాసి, విచారణకు మరో రెండు రోజులు పని మానుకునే కూలీకి అది నష్టం మీద నష్టం. నిర్ణీత మొత్తం, ఆ రాష్ట్రపు ఉపాధి కూలి రేటుకు ముడిపెట్టినది, తప్పిన డెలివరీ నమోదైన వెంటనే దానంతట అదే కొన్నవారి ఖాతాలోకి చేరేది అయితే తప్ప ఈ హక్కు కాగితం దాటదు. దానికి ముందు మరో రెండు విషయాలు తేలాలి. గుమ్మం దాకా రాని చోట డెలివరీ స్థలం ఏదో ఆర్డరు తీసుకునేటప్పుడే రాయాలి, అక్కడికి కొన్నవారు దిగివచ్చే నడక కాలం కూడా వ్యవధిలో భాగం కావాలి. కొన్నవారు అందుబాటులో లేరని డెలివరీ మనిషి నొక్కిన మీట ఒక్కటే రుజువు కాకూడదు. సిగ్నలు లేని చోట ఫోను మోగకపోవడాన్ని కొన్నవారి తప్పుగా రాయడం ఇప్పటి యాప్‌ల పద్ధతిలో అతి పెద్ద అన్యాయం.

వంట గ్యాసు సిలిండరు విషయంలో ఈ పనికి పునాది ఇప్పటికే ఉంది. సిలిండరు వెలలో ఇంటికి చేర్చే ఖర్చు కలిసే ఉంటుంది, గోదాము నుంచి తానే తెచ్చుకున్న వినియోగదారుకు ఆ ఖర్చు తగ్గించాలి. రోడ్డు మీద దించి వెళ్లిన సిలిండరుకు ఆ తగ్గింపును పంపిణీదారు స్వయంగా ఇవ్వాలని నిర్దేశించడానికి కొత్త చట్టం అక్కరలేదు. ఇక తప్పిన డెలివరీకి ఇచ్చే పరిహారం ఎవరి జేబులోంచి రావాలన్నది మిగిలిన ప్రశ్న. ట్రిప్పుకు ఇంత అని తీసుకుంటూ సొంత పెట్రోలుతో ఘాట్ ఎక్కే కుర్రవాడి మీద ఆ జరిమానా వేస్తే ఒక కూలి మనిషి నష్టం మరో కూలి మనిషి మీద పడుతుంది, అదీగాక కొండ ఊళ్ల పిన్‌కోడ్‌లను సంస్థలు డెలివరీ జాబితా నుంచి తీసివేసే ప్రమాదం ఉంది. సమయాన్ని ప్రకటించింది సంస్థ, ఆ సమయాన్ని చూపి సరుకు అమ్మింది సంస్థ. 1993 లక్నో తీర్పు అధికారి నుంచి రాబట్టుకోమన్నది వ్యక్తి దురుద్దేశంతో చేసిన తప్పుకు కట్టిన పరిహారాన్ని గాని, దారి లేకనో బండి ఆగిపోయో రాలేకపోయినవాడి జీతాన్ని కాదు.